లివర్ సిరప్ తాగితే గోలీల దెబ్బ తగలదా? అపోహలు – వాస్తవాలు

"సారూ, మా పిల్లగానికి టీబీ గోలీలు నడుస్తున్నయ్. లివర్ ఖరాబ్ కాకుండ ఏదన్న ఆకుమందు సిరప్ ఇయ్యుండ్రి." హన్మకొండలో మా మెడికల్ షాపుకు వచ్చే వాళ్ల నోట తరచూ వినే మాట ఇది. ఆ తల్లి టెన్షన్ నాకు అర్థమవుతుంది. నా కోపమంతా వాట్సాప్ వైద్యుల మీద.

అపోహ: నేల ఉసిరో, సిలిమారినో (మిల్క్ థిసిల్ అనే మొక్క గింజల సారం) తోడుగా వేసుకుంటే లివర్‌కు ఏమీ కాదు.

వాస్తవం: ఈ సారాల గురించి చెప్పే గొప్పల్లో ఎక్కువ భాగం ఎలుకల మీద తేలినవే. చాలా ప్రయోగాల్లో ముందు సారం తాగించి, ఆ తర్వాత విషం ఇచ్చి చూస్తారు. టీబీ రోగులకు సిలిమారిన్ ఇచ్చి చూసిన చిన్న పరీక్షల్లో కొన్నింట మేలు కనిపించింది, కొన్నింట లేదు. దీన్ని పట్టుకుని భరోసాగా ఉండలేం.

అసలు నష్టం సిరప్ ఖర్చు కాదు, అది ఇచ్చే ధీమా. పరకాల వైపు నుంచి ఒకాయన రెండో నెల కోర్సులో ఉండగా మళ్లీ సిరప్ కోసం వచ్చాడు. అన్నం వాసన పడటం లేదట, పైత్యం అనుకున్నాడట. ట్యూబ్‌లైట్ కింద తెలియదని గుమ్మం దగ్గరికి, ఎండ వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. కళ్లు పచ్చగా ఉన్నాయి. సిరప్ ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపాను. గోలీలు ఆపించి, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) అంకెలు దిగాక ఒక్కో మందే మళ్లీ మొదలుపెట్టారు.

టీబీ మొదటి రెండు నెలల నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను దెబ్బతీయగలవు. వికారం, కడుపునొప్పి లాంటివి ఉండి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలు గరిష్ఠానికి 3 రెట్లు దాటినా, ఏ బాధా లేకుండానే 5 రెట్లు దాటినా డాక్టర్లు మందులు ఆపుతారు. కళ్లు పచ్చబడితే తర్వాతి డోసు వేసుకోకముందే ఆస్పత్రికి వెళ్లాలి. అలాగని భయంతో సొంతంగా కోర్సు మానేస్తే టీబీ మొండికేస్తుంది.

అపోహ: మూత్రం ఎర్రగా వస్తే పసిరికలే (కామెర్లే).
వాస్తవం: రిఫాంపిసిన్ రంగు అది. కళ్లు తెల్లగా, ఆకలి బాగుంటే కంగారు వద్దు.

అపోహ: పసరుతో మా ఊళ్లో ఎందరికో కామెర్లు తగ్గాయి.
వాస్తవం: హెపటైటిస్-ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు పసరుకు పోతుంది. పైగా మందు కొట్టిన పత్తి చేను గట్టు మీద పీకిన ఆకుకు ఎవరు పూచీ?

అపోహ: ఆకుమందు కదా, హాని చేయదు.
వాస్తవం: కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఏది తాగుతున్నా దాచకండి. గోలీల వల్లా, కషాయం వల్లా అన్నది తేల్చాల్సింది డాక్టరే కాబట్టి ఆ సీసా కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. తిడితే తిట్టనీయండి.