విశాఖ జనాభా: అపోహలు - వాస్తవాలు

అపోహ: 2001-2011 మధ్య విశాఖ జనాభా 76 శాతం పెరిగింది.

వాస్తవం: 2001లో 9,82,904, 2011లో 17,28,128. రెండూ సెన్సస్ అంకెలే, పోల్చడంలోనే తప్పంతా. మొదటిది పాత నగరపాలక సంస్థది. 2005లో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)గా మార్చారు. దాంతో ఎప్పటినుంచో గాజువాకలో ఉంటున్నవాళ్లంతా ఈ లెక్కలో కొత్తగా వచ్చిన జనమైపోయారు. 2001లో శివార్లతో కలిపి చూపిన పట్టణ సముదాయం జనాభా 13,45,938. పోల్చాల్సింది దీంతో. అప్పుడు పెరుగుదల 28 శాతం పైచిలుకే. వార్డు ప్రణాళికలో, నీటి సరఫరా అంచనాలో 76 శాతం వేసుకుంటే పైపు సైజు దగ్గర్నుంచి అన్నీ తప్పుతాయి. అందుకే అంకె రాసే ముందు దాని పక్కన ఏడాది, హద్దు రాసుకోండి.

జిల్లా అంకెలతో ఇంకా జాగ్రత్త. 2011 నాటి విశాఖ జిల్లా జనాభా 42.9 లక్షలు, అందులో ఎస్టీలు 14 శాతం పైగా. 2022 ఏప్రిల్ 4న ఎస్టీలు ఎక్కువగా ఉండే పాడేరు, అరకు ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. ఆ 14 శాతాన్ని ఇప్పటి విశాఖ జిల్లాకు అంటగట్టకూడదు.

అపోహ: వలస వచ్చినవాళ్లంటే పని కోసం వచ్చినవాళ్లే.

వాస్తవం: సెన్సస్‌లో వలసకు కారణాలు చాలా ఉన్నాయి: ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, కుటుంబంతో రావడం, పుట్టాక తరలిరావడం. ఆడవాళ్లలో పెళ్లిదే పెద్ద వాటా. గాజువాకలో కాపురముంటున్న అమ్మాయి తొలి కాన్పుకి శ్రీకాకుళంలోని పుట్టింటికి వెళ్తుంది. మూడో నెలలో బిడ్డతో తిరిగొస్తుంది. పుట్టిన ఊరు ప్రకారం ఆ పసిబిడ్డా వలసే! కారణాల పట్టిక చూడకుండా మొత్తం అంకెను ‘కార్మికుల వలస’ అని రాయడం అన్యాయం. ఎవరు వలస వచ్చారో తేల్చడానికి మాతృభాష పట్టికా సాయం చేయదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లదీ తెలుగే కదా.

అపోహ: మత్స్యకార కులాలైన జాలరి, వాడబలిజలు నగరంలో ఎంతమందో 2011 సెన్సస్ చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. 1951 నుంచి 2011 వరకు సెన్సస్‌లో విడిగా లెక్కించి ప్రచురించింది ఎస్సీ, ఎస్టీలనే. మత్స్యకారుల బస్తీ పెదజాలారిపేటలో ఎవరుంటారో ఊరందరికీ తెలుసు, కానీ బీసీ కులాలకు సెన్సస్ పేరుతో తిరిగే అంకెలన్నీ అంచనాలే. వాటిని అంచనాలనే రాయాలి.

అపోహ: అక్షరాస్యులను మొత్తం జనాభాతో భాగిస్తే అక్షరాస్యత శాతం వస్తుంది.

వాస్తవం: ఏడేళ్లు నిండనివాళ్లను ముందు తీసేయాలి. 2011లో విశాఖలో 0-6 ఏళ్ల పిల్లలు 1,64,129 మంది. మిగిలింది 15,63,999. అక్షరాస్యులు 12,79,137, అంటే 81.79 శాతం. పిల్లల్ని తీసేయకపోతే అది 74కు పడిపోతుంది. పిల్లలు ఎక్కువగా ఉన్న మురికివాడల్లో ఈ తేడా మరీ పెరిగి, చదువుకున్న బస్తీ కూడా వెనకబడినట్టు కనిపిస్తుంది.