మార్టినీ హెన్రీ తుపాకీ ఆగిపోయిందా, ముందు ఆకురాయి దాచేయండి

పాత తుపాకీ లివర్ దిగట్లేదు, ట్రిగ్గర్ పట్టట్లేదు అనగానే మనవాళ్ల చెయ్యి ముందు ఆకురాయి మీదకే పోతుంది, అది దొరక్కపోతే గరుకు కాగితం. నన్నడిగితే ఈ తుపాకుల్ని నూటయాభై ఏళ్ల కాలం పాడు చేసింది తక్కువ, పది నిమిషాల ఆకురాయి పాడు చేసింది ఎక్కువ. ఎందుకంటే వీటిల్లో వచ్చే రిపేర్లు సగానికి పైగా ఏదో విరిగి వచ్చేవి కావు, మురికి గట్టిపడి వచ్చేవి, అంటే మెకానిక్ పని కన్నా కెమిస్ట్రీ పని ఎక్కువన్నమాట.

హైదరాబాద్‌లో తుపాకుల కథ అంటే అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ గుర్తొస్తుంది, రెండో నిజాం కాలంలో ఫ్రెంచ్ దొర రేమండ్ 1795లో పెట్టించిన ఫిరంగుల కార్ఖానా అది, కానీ అక్కడ పోసినవి మూతి వైపు నుంచి మందు కూరే రకం. నేను చెప్పే మార్టినీ హెన్రీ ఆ తర్వాత ముప్పావు శతాబ్దానికి వచ్చింది, వెనక నుంచి తూటా పెట్టేది, ఒక్కసారికి ఒక్కటే. బ్రిటిష్ సైన్యం 1871లో దీన్ని తీసుకుంది. నిజానికి ఇది ముగ్గురి తెలివి. గొట్టం వెనక నోటిని మూసే ఇనుప దిమ్మ, అంటే వెనక కీలు మీద కిందికి వాలే బ్లాక్ ఐడియా అమెరికాలో బోస్టన్ వాడు పీబాడీది, 1862 పేటెంట్, దానికి బయట ఒక సుత్తి ఉండేది. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన ఫ్రీడ్రిచ్ ఫాన్ మార్టినీ ఆ సుత్తి తీసేసి, తూటాని కొట్టే పిన్నూ దాని స్ప్రింగూ రెండూ బ్లాక్ కడుపులోనే పెట్టేశాడు. గొట్టం, దాని లోపలి ఏడు గాళ్లు ఎడింబరో అలెగ్జాండర్ హెన్రీవి. 1857 దెబ్బ తర్వాత ఇంగ్లీషోళ్లు మన సిపాయిలకి ఎప్పుడూ ఒక తరం పాత తుపాకే ఇచ్చేవాళ్లు, తెల్లోళ్ల చేతిలో మార్టినీ ఉన్నన్నాళ్లు మనోళ్ల చేతిలో దానికి ముందుతరం స్నైడర్ తుపాకీ ఉండేది, అది వేరే కోపం, మళ్లీ ఎప్పుడైనా.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. లివర్ కిందికి లాగితే బ్లాక్ ముందు కొస కిందికి దిగుతుంది, గొట్టం నోరు తెరుచుకుంటుంది. అదే ఊపులో లోపల టంబ్లర్ అనే చిన్న ముక్క వెనక్కి తిరుగుతూ పిన్నుని వెనక్కి లాగి చుట్టల స్ప్రింగ్‌ని నొక్కుతుంది, దాని గాడిలో ట్రిగ్గర్ ముక్కు వెళ్లి పడుతుంది. దిగే బ్లాక్ చివర్లో ఎక్స్‌ట్రాక్టర్ అనే లాగే ముక్క కాలు మీద తంతుంది, పేలిన తూటా ఖాళీ తొడుగు వెనక్కి ఎగిరిపడుతుంది. లివర్ పైకి పెడితే బ్లాక్ మూసుకుంటుంది, ట్రిగ్గర్ లాగితే గాడి వదిలేస్తుంది, పిన్ను ముందుకి పోయి కొడుతుంది. కుడి పక్కన కన్నీటి బొట్టు ఆకారంలో ఒక చిన్న సూచిక ఉంటుంది, టంబ్లర్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి లోపల స్ప్రింగ్ ఎక్కి ఉందో లేదో బయట్నుంచే చెప్తుంది. నా దృష్టిలో మొత్తం తుపాకీలో డాక్టర్ స్టెతస్కోప్ లాంటి భాగం ఇదొక్కటే, కానీ దీని వైపు ఎవరూ చూడరు.

ఇక రోగాలు. మొదటిది లివర్ బిగుసుకుపోవడం, చాలాసార్లు దీనికి కారణం ఎవరో ప్రేమగా పోసిన నూనె. నూనెలన్నీ ఒకటి కావు. అవిసె నూనె అణువుల్లో జంట బంధాలు ఎక్కువ, గాల్లో ఆక్సిజన్ తగిలితే ఆ అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొర అవుతాయి, పెయింటర్లు దాన్ని వాడేదే అందుకు. పల్లినూనె, నువ్వుల నూనె అంత తొందరగా గట్టిపడకపోయినా ఏళ్ల మీద జిగురవుతాయి. కొబ్బరి నూనెలో జంట బంధాలు తక్కువ కాబట్టి అంతగా ఎండదు కానీ ముక్కిపోయి పుల్లటి ఆమ్లాలు వదుల్తుంది, అవి ఇనుముకి మంచివి కావు. ఇలా పేరుకున్న బంక మీద ఆకురాయి ఏం చేస్తుంది చెప్పండి? గాసునూనెలో ఒకట్రెండు రోజులు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, తుడిచి, పల్చగా మెషీన్ ఆయిల్ రాస్తే చాలామటుకు లివర్ దానంతట అదే కదుల్తుంది.

దీనికి తోడు ఆ కాలపు తూటాల్లో ఉండే నల్ల తుపాకీమందు. కాలిన తర్వాత అందులో సగానికి పైగా గాలిగా పోదు, గట్టి మసిగా మిగులుతుంది, పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్ లాంటివి. ఇవి గాల్లో తేమని లాక్కుంటాయి, మన దగ్గర జూలై ఆగస్టు ముసురు రోజుల్లో ఇంక అడక్కండి. పైగా ఆ కాలం ప్రైమర్లలో, అంటే పిన్ను దెబ్బకి పేలి మందుని అంటించే తూటా అడుగు బిళ్లల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది, అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన ఉప్పు చుట్టమే. ఈ లవణాలు నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. అందుకే నూనె మీద నూనె పోసి ఎంత తుడిచినా మళ్లీ జంగు వస్తూనే ఉంటుంది. వేడి నీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టి సన్నటి సందుల్లో అది ఉబ్బి పిన్నుల్ని, స్క్రూల్ని గట్టిగా బంధిస్తుంది. ఎర్ర తుప్పు పొర ఉన్న చిన్న భాగాల్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరగబెడితే అది చాలావరకు మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది, పైన వదులైంది మెత్తటి తీగ బ్రష్‌తో రాలిపోతుంది, కింది లోహం అలాగే ఉంటుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు, మన నగరం బోరు నీళ్లలో సున్నం ఎంతో బకెట్లు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తా. లివర్ పైకి పెట్టగానే స్ప్రింగ్ దానంతట అదే వదిలేయడం, అంటే ట్రిగ్గర్ ముట్టకుండానే పిన్ను కొట్టడం. గాడిలో బంక ఉంటే ట్రిగ్గర్ ముక్కు పూర్తిగా లోపలికి పోదు, శుభ్రం చేస్తే సరిపోతుంది. ట్రిగ్గర్ స్ప్రింగ్ బలహీనమైనా ఇదే జరుగుతుంది. కానీ గాడి అంచు అరిగిపోయి ఉంటే, పాతబస్తీలో ఒక ముసలి ఉస్తాద్ అనే మాటే సరైనది, "బేటా, కొలువు, కొయ్యకు." ఆ రోజుల్లో ఇలాంటి భాగాలకి పై చర్మం మాత్రమే గట్టిగా చేసేవాళ్లు. మెత్తటి ఇనుముని ఎముకల బొగ్గులో పూడ్చి, దాదాపు తొమ్మిది వందల డిగ్రీల దాకా కాల్చి గంటల తరబడి ఉంచితే కార్బన్ మెల్లగా లోపలికి ఇంకుతుంది, కానీ లోతు మిల్లీమీటర్‌కి అటూ ఇటూ మాత్రమే, తర్వాత నీళ్లలో ముంచితే ఆ పొర గాజులా గట్టిపడుతుంది, లోపల మాత్రం మెత్తగా, దెబ్బ తట్టుకునేలా ఉంటుంది. రెండూ ఒకే ముక్కలో, నాకు ఇది ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. ట్రిగ్గర్ లైట్‌గా కావాలని ఎవరైనా ఆ గాడిని ఆకురాయితో నాలుగు గీతలు గీసి నున్నగా చేస్తే ఆ రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ చర్మం పోయింది కదా, కింది మెత్తటి ఇనుము రోజురోజుకీ అరుగుతుంది, ఒకరోజు తుపాకీ చేతిలో తనంతట తను పేలుతుంది. అరిగిన భాగానికి వేరే భాగం వేయాలి, లేదా మళ్లీ గట్టిపరచగలిగే వాడి దగ్గరికి తీసుకెళ్లాలి, మూడో దారి లేదు.

పిన్ను కొట్టినా గుర్తు లోతుగా పడకపోతే వెంటనే స్ప్రింగ్‌ని తిట్టకండి, ముందు బ్లాక్ లోపలి గొట్టంలో గట్టిపడిన గ్రీజు చూడండి. స్ప్రింగ్ నిజంగా కుంగిపోయి ఉంటే మాత్రం లెక్క గట్టిగా ఉంటుంది. అందులో దాగే శక్తి నొక్కుడు వర్గంతో, అంటే స్క్వేర్‌తో, పెరుగుతుంది కాబట్టి నొక్కుడు పది శాతం తగ్గితే శక్తి సుమారు 19 శాతం పడిపోతుంది. దాన్ని సాగదీసి పొడుగు చేసే తమాషా కూడా వద్దు, జంగు గుంటలు ఉన్న తీగ అక్కడే చీలుతుంది. స్క్రూల గురించి ఒక్క మాట, ఆ మరలు ఇప్పటి మెట్రిక్ బోల్టులతో కలవవు, కాబట్టి గాడికి సరిగ్గా సరిపడే స్క్రూ డ్రైవర్ లేకపోతే ముట్టుకోవద్దు, రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగినా బదులు స్క్రూ దొరకదు.

చట్టం సంగతి మధ్యలో చెప్పక తప్పదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు తుపాకులకి ఒక మినహాయింపు ఇస్తుంది, కానీ రిపేర్ చేసినా చేయకపోయినా పేలని వాటికే. అంటే గోడకి తగిలించిన తుపాకీని మీరు బాగుచేయగలిగితే, బాగుచేయగలిగేదే కాబట్టి దానికి ఆ మినహాయింపు వర్తించదు, రిపేర్ చేయడానికి కూడా లైసెన్స్ కావాలి. శుభ్రం చేయడం కన్నా ముందుకి పోవాలంటే లైసెన్స్ ఉన్న దుకాణమే దిక్కు, తూటా పెట్టి చూద్దాం అనే ఆలోచన అసలు రానివ్వొద్దు.

చివరిది ఖాళీ తొడుగు బయటికి రాకపోవడం, ఇది తుపాకీ కన్నా తూటా నేరం. మొదట్లో దీని తొడుగు పల్చటి ఇత్తడి రేకు చుట్టి చేసేవాళ్లు, అడుగున ఇనుప బిళ్ల. గట్టి ఇత్తడి తొడుగు పేలినప్పుడు ఉబ్బి గొట్టానికి అంటుకుని, ఒత్తిడి పోగానే కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది, ఆ కొంచెమే దాన్ని బయటికి రానిస్తుంది. చుట్టిన రేకుకి ఆ గుణం తక్కువ, పైగా గొట్టం వేడెక్కి, మసి పేరుకుని, ఇసుక పడితే ఇంక అంతే. 1885 జనవరిలో సూడాన్‌లో అబు క్లియా యుద్ధంలో తుపాకులు ఇలాగే ఇరుక్కున్నాయని గొడవైంది. తర్వాత ఒకే ముక్కగా సాగదీసిన ఇత్తడి తొడుగులు వచ్చాయి, మార్క్ ఫోర్ మోడల్‌లో లివర్ పొడుగు చేశారు, పొడుగు పెరిగితే అదే చేతి బలానికి తొడుగుని లాగే బలం పెరుగుతుంది, అంతే సూత్రం. ఇప్పుడు మన ముందుకి వచ్చే తుపాకీలో అయితే ఎక్స్‌ట్రాక్టర్ రెండు పెదవుల్నీ లెన్స్ పెట్టి చూడాలి, ఒకటి అరిగి రెండోది బాగుంటే తొడుగు వంకరగా లాగబడి మధ్యలో ఇరుక్కుంటుంది, రెండూ బాగున్నా లాగట్లేదంటే లివర్ పూర్తిగా కిందికి పోతుందో లేదో చూడాలి, ఎందుకంటే బ్లాక్ ఆ కాలుని తన్నేది చివరి కొద్ది దూరంలోనే.