వందమందికి సోకితే ఎంతమంది పోతారు? ఆ లెక్క వెనక కథ

2020 ఏప్రిల్‌లో రోజూ రాత్రి కరోనా బులెటిన్ రాగానే మా నాన్న పాల లెక్క రాసే నోటుబుక్కు తీసేవారు. ఎడమవైపు కేసులు, కుడివైపు మరణాలు, కింద గీత గీసి శాతం. "ఇవాళ తగ్గింది, పర్లేదు" అనేవారు. మర్నాడు పెరిగితే అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఆయన భాగహారంలో తప్పేమీ లేదు. భాగించిన రెండు అంకెలే నిలకడగా లేవు.

మాది హైదరాబాద్‌లోని నల్లకుంట. ఇక్కడి ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో కోరంటి అయింది. అంటురోగాలు వచ్చినవాళ్లను విడిగా ఉంచడానికి 1915లో ఎర్రమంజిల్‌లో మొదలై, తర్వాత నల్లకుంటకు మారింది. కొత్త జబ్బు లెక్క ఎప్పుడూ ఇలాంటి చోటే మొదలవుతుంది. అక్కడికి వచ్చేది బాగా ముదిరినవాళ్లే. ఇంట్లో రెండు రోజులు పడుకుని లేచినవాడు ఎవరి లెక్కలోకీ రాడు. అందుకే మొదట్లో ఏ జబ్బైనా ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తుంది.

2009లో స్వైన్ ఫ్లూ విషయంలో అదే జరిగింది. మెక్సికో నుంచి వచ్చిన తొలి వార్తలు అందరినీ వణికించాయి. ఆ మే నెలలో దేశంలోనే మొదటి కేసు తేలింది మన హైదరాబాద్‌లో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. తేలికపాటి జ్వరాలను కూడా లెక్కలోకి తెచ్చాక మరణాల శాతం బాగా పడిపోయింది.

ఊపిరితిత్తులను పట్టే సార్స్ అనే జబ్బు దీనికి పూర్తిగా ఉల్టా. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో వేసిన మరణాల అంచనా దాదాపు 4 శాతం. మే నెలకల్లా అది 14, 15 శాతానికి పెరిగింది. అంత తేడా ఎందుకు వచ్చింది? ఇంకా మంచం మీదే ఉన్నవాళ్లను మొదటి లెక్క బతికినవాళ్ల కింద జమ వేసేసింది. జబ్బు పడ్డ రెండు వారాలకు ప్రాణం తీసే రోగం ఒకటుందనుకోండి. కేసులేమో వారానికోసారి రెట్టింపు అవుతున్నాయి. ఇవాళ పోయినవాళ్లు రెండు వారాల కిందట మంచం పట్టినవాళ్లు. అప్పటి కేసులు ఇప్పటి వాటిలో నాలుగో వంతే. ఇవాళ్టి మరణాలను ఇవాళ్టి కేసులతో భాగిస్తే, అసలు తీవ్రతలో పావు వంతే కనిపిస్తుంది. చివరికి సార్స్ 8,096 కేసులు, 774 మరణాల దగ్గర ఆగింది. అంటే దాదాపు 9.6 శాతం, రెండు అంచనాలకూ మధ్యలో.

తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది 2020 మార్చి 2న. ఆ మర్నాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి, నమోదైన కేసుల్లో దాదాపు 3.4 శాతం మంది చనిపోయారని చెప్పారు. 'నమోదైన' అన్న మాట జనం చెవికెక్కలేదు. వందలో మూడున్నర మంది పోతారన్న టెన్షన్ ఒక్కటే ఇంటింటికీ చేరింది. అసలు ఎంతమందికి సోకిందో అప్పటికి ఎవరికీ తెలియదు.

అది తెలుసుకునే పని మన ఊళ్లోనే గట్టిగా జరిగింది. నాకు ఇందులో బాగా నచ్చే ఘట్టం ఇదే. వైరస్ సోకినవాళ్ల మలంలో దాని ఆనవాళ్లు వారాల తరబడి వస్తుంటాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లి, ఇంకా శుద్ధి కాని నీటిని సీసాల్లో పట్టి పరీక్షించారు. పరీక్షకు రాని మనిషి కూడా ఆ నీళ్లలో దొరికిపోతాడు. 2020 ఆగస్టులో వాళ్లు చెప్పిన అంచనా: నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని. 2021 మార్చిలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, భారత్ బయోటెక్ కలిసి చేసిన రక్త పరీక్షల సర్వే ఫలితం వచ్చింది. 30 వార్డుల్లో దాదాపు 9 వేల మందిని చూస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి, అంటే వైరస్ సోకినప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి తమకు జబ్బు వచ్చిపోయిన సంగతే తెలియదు.

కోటి మంది ఉన్న నగరంలో అంటే యాభై లక్షలకు పైమాటే. అప్పటికి రాష్ట్రమంతా కలిపి నమోదైన కేసులు సుమారు 3 లక్షలు, మరణాలు 1,600 పైచిలుకు. ఆ మరణాలన్నీ హైదరాబాద్‌లోవే అనుకున్నా, సోకినవాళ్లలో పోయింది పదివేలకు ముగ్గురే అవుతారు. అంత తక్కువంటే నమ్మడం కష్టం. కింది అంకె, అంటే సోకినవాళ్ల సంఖ్య, సరిగ్గా తెలిశాకే పై అంకె, అంటే మరణాల మీద అనుమానం వచ్చింది.

రెండో వేవ్‌లో మా వీధి చివరింటి పెద్దాయన పరీక్ష రిపోర్టు రాకముందే ఇంట్లోనే కన్నుమూశారు. మర్నాటి బులెటిన్‌లో ఆయన లేరు. నాన్న కుడివైపు అంకె పక్కన పెన్సిల్‌తో ఒకటి కలిపారు.

పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో పోతే కరోనా మరణంగానే చూడాలని 2021 సెప్టెంబరులో కేంద్రం చెప్పింది. కుటుంబానికి 50 వేల రూపాయల పరిహారం ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2022 జనవరి నాటికి తెలంగాణ అధికారిక లెక్కలో మరణాలు 4 వేలు. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. చివరింటి పెద్దమ్మ పెట్టుకున్న దరఖాస్తు కూడా వాటిలో ఉంది.