గొల్లకావిడి కింద ఒక అయాన్

చలికాలం రాత్రి కరెంటు పోతే, పర్లాకిమిడిలో మేమంతా మేడెక్కేవాళ్లం. మూడు చుక్కలు వరసగా కనబడగానే నాన్నమ్మ "అదిగో గొల్లకావిడి" అని చూపించేది. దాని కింద వేలాడే చుక్కల్లో ఒకటి అలుక్కుపోయినట్టు ఉండేది. నా కళ్లే మసకేశాయనుకునేవాణ్ణి. అది చుక్క కాదు, నక్షత్రాలు పుట్టే ఒరాయన్ నెబ్యులా అని చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. మనకి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం.

2023లో అక్కడే, ఒక పసి నక్షత్రం చుట్టూ తిరిగే ధూళి పళ్లెంలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు మిథైల్ కాటయాన్‌ని పట్టుకుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, ఒక ఎలక్ట్రాన్ తక్కువ. ఇలా ఆవేశమున్నవాటినే అయాన్లంటారు, ప్లస్ ఆవేశముంటే కాటయాన్. ఇది అంతటా ఉండే హైడ్రోజన్‌తో పెద్దగా కలవదు, మిగతా చాలావాటితో కలిసి పెద్ద కార్బన్ అణువులకి దారి వేస్తుంది. 1970ల నుంచీ అంటున్న మాటే ఇది. కానీ రేడియో టెలిస్కోపుకి చిక్కాలంటే అణువులో ఆవేశం ఒక పక్కకి ఒరిగి ఉండాలి. ఇదేమో మూడు రెక్కల సీలింగ్ ఫ్యాన్‌లా అన్ని పక్కలా సమానం. అందుకే పరారుణ కాంతిలో వెతకాల్సి వచ్చింది.

ప్రతి అణువుకీ తనవైన రంగులుంటాయి, కాంతిని విడదీస్తే అవి గీతల్లా కనబడతాయి. ఆకాశంలో కనబడ్డ గీత ఎవరిదో చెప్పాలంటే అదే గీత ప్రయోగశాలలోనూ కనబడాలి. 1970లో 89 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక రేడియో గీత దొరికితే, ఎవరిదో తెలీక దానికి 'ఎక్సోజెన్' అని పేరు పెట్టి ఊరుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి ఒక ప్రోటాన్ అంటుకున్న అయాన్ అయ్యుంటుందని రసాయన శాస్త్రవేత్త విలియమ్ క్లెంపరర్ ఊహించాడు. ప్రయోగశాలలో అది రుజువయ్యేసరికి 1975 వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? ట్యూబ్‌లైట్‌లోలా వాయువులోకి కరెంటు పంపితే అయాన్లు పుడతాయి, కానీ మామూలు అణువుల మధ్య అవి పిడికెడు కూడా ఉండవు. ఉన్నవి కూడా ఎలక్ట్రాన్ తగలగానే పోతాయి. మూడు హైడ్రోజన్ల అయాన్ ఉందని జె.జె. థామ్సన్ 1911లోనే చూశాడు. దాని వర్ణపటం, అంటే ఆ గీతల వరస, తకేషి ఓకాకి దొరికింది 1980లో. తర్వాత 1989లో గురుగ్రహం మీద, 1996లో నక్షత్రాల మధ్య మేఘాల్లో అదే అయాన్ కనిపించింది.

1983లో అమెరికాలోని బర్క్‌లీలో రిచర్డ్ సేకల్లీ బృందం వేసిన ఎత్తు నాకు అన్నిటికంటే ఇష్టం. గుణుపూర్ పాసింజరు దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా. గొట్టంలో కరెంటు దిశని సెకనుకి వేలసార్లు తిప్పితే, ఆవేశమున్న అయాన్లు ముందుకీ వెనక్కీ పరిగెడతాయి, వాటి గీత కూడా ఆ కూతలాగే ఇటూ అటూ జరుగుతుంది. ఆవేశం లేని అణువులు ఆ లాగుడికి కదలవు. అదే తాళంలో ఊగే సంకేతాన్ని మాత్రమే వినేలా పరికరాన్ని సర్దితే, మిగతా గోల వినబడదు.

తర్వాత అయాన్లని విద్యుత్ క్షేత్రాల బోనులో పట్టి చల్లబరచడం వచ్చింది. బాగా చల్లబడ్డ అయాన్‌కి హీలియం పరమాణువు వదులుగా అంటుకుంటుంది. సరైన రంగు లేజర్ తగిలితే అయాన్ వేడెక్కి హీలియం రాలిపోతుంది. కాంతి ఎంత తగ్గిందో కొలిచే బాధ లేదు, బరువు తగ్గిన అయాన్లు ఎన్నో లెక్కపెడితే చాలు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జాన్ మేయర్ బృందం 2015లో ఇలాగే, సుమారు మైనస్ 267 డిగ్రీల దగ్గర, 60 కార్బన్లు ఫుట్‌బాల్ ఆకారంలో కూడిన అయాన్‌ని పరీక్షించింది. నక్షత్రాల కాంతిలో ఎన్నో ఏళ్లుగా అనుమానంగానే మిగిలిన 963, 958 నానోమీటర్ల చారలు దానివేనని తేలింది. అలాంటి చారల్లో మొదటివి 1922లోనే అచ్చయ్యాయి, ఇప్పటికి వందలు పోగయ్యాయి. చాలావాటికి పేరు లేదు.

ఇదే పద్ధతి ఇప్పుడు జీవరసాయనానికీ పాకింది. ఒకే బరువుండి ఆకారం వేరైన చక్కెర అణువులని తూకం విడదీయలేదు, పరారుణ గీతలు విడదీస్తాయి. ముందు ముందు మందుల పరిశోధనకి పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

ఇంకోవైపు ఒకే ఒక్క అయాన్‌ని చదవడం మొదలైంది. 2017లో అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్‌లో కాల్షియం హైడ్రైడ్ అయాన్ పక్కన ఒక కాల్షియం అయాన్‌ని కూర్చోబెట్టారు. అణువుని నేరుగా చూడటం కష్టం. రెండూ ప్లస్సులే, ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. మా వీధిలో తెలుగువాళ్లింటి సంగతి కావాలంటే పక్కింటి ఒడియా మావుసిని అడిగితే చాలు. అక్కడా అంతే, లేజర్ తగిలిన అణువుకి ఏమైందో కాల్షియం వెలుగుతూ చెప్పేసింది.