ఒకటి అటూ ఇటూ

"క్వాంటం కంప్యూటర్ వస్తే మన రహస్యాలన్నీ బయటపడతాయట, నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. సందేశాలను ఇతరులకు అర్థం కాకుండా దాచే లెక్కలను ఇక్కడ తాళాలు అంటున్నాను; ఇన్నాళ్లుగా వాడుతున్న తాళాల్లో చాలావాటి సంగతి అంతే. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం మామూలు కంప్యూటర్లకు చాలా కష్టం, క్వాంటం యంత్రానికి మాత్రం కష్టం కాదని 1994లోనే గణితజ్ఞుడు పీటర్ షోర్ చూపించాడు. విరివిగా వాడే ఆర్‌ఎస్‌ఏ అనే తాళం నిలబడింది ఆ కష్టం మీదే. ఈ కథ మీరు చాలాచోట్ల చదివే ఉంటారు కాబట్టి వదిలేస్తాను. దాని స్థానంలోకి వస్తున్న లాటిస్ తాళం నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలడం లేదు. అందులో ఉన్న కిటుకు ఒక్కటే: లెక్కలో కావాలని ఒకటి అటూ ఇటూ చేయడం.

కాగితం, పెన్ను తీసుకోండి. 0 నుంచి 96 దాకా 97 గీతలున్న గడియారం ఊహించుకోండి. ఎంత పెద్ద సంఖ్య వచ్చినా 97తో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటాం. నా రహస్యం రెండు సంఖ్యలు: 12, 31. వీటిని ఎవరికీ చెప్పను. వీటితో వేసిన లెక్కలు మాత్రం అందరి ముందూ పెడతాను.

మొదటి లెక్క: 12కి 5 రెట్లు, 31కి 8 రెట్లు. 60, 248 కలిపితే 308, శేషం 17. కానీ నేను 18 అని రాస్తాను. రెండో లెక్క: 40 రెట్లు, 3 రెట్లు. మొత్తం 573, శేషం 88. దీన్ని 87 అని రాస్తాను.

ఇప్పుడు మీరు దొంగ అనుకోండి. మీకు దొరికినవి ఇవి:

5 ఎక్స్ + 8 వై = 18
40 ఎక్స్ + 3 వై = 87

బడిలో నేర్చుకున్న తొలగింపు పద్ధతే వాడండి. మొదటిదాన్ని 8తో గుణించి, అందులోంచి రెండోదాన్ని తీసేస్తే ఎక్స్ పోయి, గడియారం మీద 61 వై = 57 మిగులుతుంది. సాధిస్తే వై 55, ఎక్స్ 32. రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడండి, చక్కగా సరిపోతాయి. కానీ నా రహస్యం 12, 31! దాని దరిదాపుల్లో కూడా లేరు.

ఏమైంది? మొదటి లెక్కలో నేను చేసిన తప్పు 1. మీరు 8తో గుణించగానే అదీ 8 అయింది. రెండోదాంట్లో ఒకటి తక్కువ రాశాను కదా, తీసివేతలో అదీ కలిసి 9 అయింది. అందుకే 48 రావలసిన చోట 57 వచ్చింది. ఆపైన 61తో భాగించడం ఇంకా దెబ్బ తీసింది. మామూలు సంఖ్యల్లో చిన్న తప్పును పెద్ద సంఖ్యతో భాగిస్తే ఇంకా చిన్నదవుతుంది. గడియారం మీద అలా కాదు. పక్కపక్కనే ఉన్న సంఖ్యలు భాగహారం తర్వాత ఎక్కడెక్కడో తేలతాయి. మనం పిల్లలకు తొలగింపు పద్ధతి ఏళ్ల తరబడి నేర్పిస్తాం, ఇచ్చిన అంకెల్లో ఒకటి తేడా ఉంటే ఆ పద్ధతి ఏమవుతుందో ఒక్క పీరియడ్ కూడా చూపించం. అది చూపించి తీరాలని నా అభిప్రాయం.

ఈ తప్పు దొంగను దారి తప్పించినట్టే నన్నూ తప్పిస్తుందా? అదీ చూద్దాం. మూడో లెక్క: 22 రెట్లు, 7 రెట్లు, శేషం 93, రాసింది 94. ఒక మిత్రుడు నాకు "1" అని రహస్యంగా చెప్పాలి. అతను నా లెక్కల్లో మొదటిదీ మూడోదీ కలుపుతాడు: 27 రెట్లు, 15 రెట్లు, ఫలితం 15. చెప్పేది 0 అయితే అలాగే పంపుతాడు. 1 కాబట్టి గడియారంలో సగం, అంటే 48 కలిపి, 27, 15, 63 అని పంపుతాడు. రహస్యం తెలిసిన నేను 12కి 27 రెట్లు, 31కి 15 రెట్లు వేస్తే శేషం 13. దాన్ని 63లోంచి తీస్తే 50. ఇది సున్నాకు దగ్గరా, 48కి దగ్గరా? 48కే. కాబట్టి అతను చెప్పింది 1. మిగిలిన 2 నా పాత తప్పుల మొత్తం, అది నన్నేమీ చేయలేదు.

రెండే అవ్యక్తాలైతే 9,409 జతలూ వేసి చూసి దొంగ పట్టేస్తాడు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఖరారు చేసిన లాటిస్ తాళం ఎంఎల్-కెమ్ మధ్య స్థాయిలో గడియారానికి 3,329 గీతలు, రహస్యంలో 768 సంఖ్యలు. తప్పులు మాత్రం మైనస్ 2 నుంచి 2 లోపే. ఒక్కో అవ్యక్తాన్నీ తొలగిస్తూ పోతే కొన్ని మెట్లకే తప్పు గడియారమంతా పరుచుకుంటుంది. ఆ తర్వాత సమీకరణం ఏమీ చెప్పదు.

మరి లాటిస్ ఎక్కడుంది? లాటిస్ అంటే జాలకం, గ్రాఫ్ కాగితం మీద గీతలు కలిసే చుక్కల్లాంటిది. సరైన జవాబులన్నీ కలిపి చూస్తే వందల పరిమాణాల జాలకంలో ఒక చుక్క. నేను రాసిన జవాబులు ఆ చుక్కకు కాస్త పక్కన. రహస్యం పట్టడమంటే దగ్గరి చుక్కను పట్టడమే. కాగితం మీద కన్ను చాలు, వందల పరిమాణాల్లో చాలదు. 1982లో లెన్‌స్ట్రా సోదరులు, లొవాస్ కలిసి ఇచ్చిన ఎల్ఎల్ఎల్ పద్ధతి కొంత సాయం చేస్తుంది, కానీ పరిమాణాలు పెరిగేకొద్దీ దాని హామీ వేగంగా బలహీనపడుతుంది.

నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచేది 1996లో మిక్లోష్ అయ్‌తాయ్ చూపించిన ఫలితం. ఒక సమస్య కష్టమైనదే కావచ్చు, యాదృచ్ఛికంగా ఎంచుకున్న తాళంచెవి మాత్రం తేలికైనది తగలవచ్చు. 1978 నాటి మెర్కిల్-హెల్‌మన్ తాళంలో ఈ తేడాయే కొంప ముంచింది, 1982లో షమీర్ దాన్ని విప్పేశాడు. అయ్‌తాయ్ లెక్క ప్రకారం, యాదృచ్ఛిక జాలకాల్లో పొట్టి సదిశలను, అంటే చుక్క నుంచి చుక్కకు గీసే పొట్టి బాణాలను, పట్టగలిగినవాడు అతి కఠినమైన జాలకాల్లోనూ దాదాపు అంతపనీ చేయగలడు. మనం పైన చేసిన తప్పుల లెక్కకు అలాంటి రుజువే 2005లో ఓడెడ్ రెగెవ్ ఇచ్చాడు. ఆ రుజువు నడవడానికి క్వాంటం పద్ధతే వాడుకున్నాడు.

క్వాంటం యంత్రం అన్ని తాళంచెవులనూ ఒకేసారి పెట్టి చూస్తుందన్న మాట తాయెత్తు మహిమ లాంటిదే. షోర్ పద్ధతి పనిచేసేది లెక్కలో దాగున్న ఆవర్తనాన్ని, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వరసను, పట్టుకుని. ఈ తప్పుల లెక్కలో పట్టుకోవడానికి అలాంటిది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. 2024 ఏప్రిల్ 10న పరిశోధకుడు యిలే చెన్ దీన్ని విప్పే క్వాంటం పద్ధతి దొరికిందంటూ ఒక పత్రం పెట్టినప్పుడు ఈ రంగమంతా టెన్షన్ పడింది. ఎనిమిది రోజుల్లో తొమ్మిదో మెట్టులో లోపం బయటపడింది. దాన్ని సరిదిద్దే దారి తనకు తెలియదని చెన్ స్వయంగా ఆ పత్రంలోనే రాశాడు.

పరిశోధకులు ఇప్పుడు తల బద్దలు కొట్టుకుంటున్నది మరోచోట. ఎంఎల్-కెమ్‌లో ఆ 768 సంఖ్యలు విడివిడిగా ఉండవు. చోటు కలిసిరావడానికి వాటిని 256 గుణకాల చొప్పున మూడు బహుపదులుగా పేర్చారు. ఆ క్రమం దొంగకేమైనా ఆసరా ఇస్తుందా? ఇస్తుందని ఇప్పటిదాకా ఎవరూ చూపలేదు, ఇవ్వదని కూడా రుజువు లేదు. ఏ క్రమమూ వద్దనుకుని కట్టిన మరో లాటిస్ తాళం ఫ్రోడోకెమ్‌ను అందుకే జర్మనీ ప్రభుత్వ భద్రతా సంస్థ ఇప్పటికీ సిఫారసు చేస్తోంది. అదే స్థాయి భద్రతకు ఎంఎల్-కెమ్ బహిరంగ తాళంచెవి, అంటే అందరి ముందూ పెట్టే భాగం, 1,184 బైట్లు, ఫ్రోడోకెమ్‌ది 15,632.