పేరు దాచినా చోటు పట్టించింది: యిక్‌యాక్ నేపథ్యం

చుట్టుపక్కల ఉన్నవాళ్లతో పేరు చెప్పకుండా కబుర్లాడుకునే యాప్ ఆలోచన కుర్ర డెవలపర్లను ఇప్పటికీ ఊరిస్తూనే ఉంది. కోడ్ మొదలుపెట్టే ముందు అలాంటి యాపే అయిన యిక్‌యాక్‌కు ఏమైందో తెలుసుకుని తీరాలి.

అమెరికాలో సౌత్ కరోలినాలోని ఫర్మన్ యూనివర్సిటీలో చదివిన టైలర్ డ్రోల్, బ్రూక్స్ బఫింగ్టన్ 2013లో దాన్ని తెచ్చారు. పేరు లేదు, ఫొటో లేదు. ఫోన్ ఎక్కడుందో చూసి, కొద్ది మైళ్ల లోపు వాళ్ల పోస్టులు చూపించేది. చదివినవాళ్లు నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి ఓటేయొచ్చు; ఓట్లు మైనస్ 5కి పడిపోతే పోస్టు మాయం. క్యాంపస్‌లు ఎగబడ్డాయి. 2014 చివరికి కంపెనీకి దాదాపు 40 కోట్ల డాలర్ల విలువ కట్టారు.

చిక్కంతా ఆ ఓట్లలోనే ఉంది. చుట్టూ ఉన్న గుంపే ఒక అమ్మాయిని ఏడిపించాలనుకుంటే, ఆ పోస్టును కిందికి నెట్టేదెవరు? ఎక్కడో దూరాన ఉన్నవాడు తిడితే ఫోన్ పక్కన పడేయొచ్చు. తిట్టినవాడు ఇదే మెస్‌లో అన్నం తింటున్నాడని తెలిసి, ఎవడో తెలియకపోతే ఆ పిల్ల క్లాసుకు ఎలా వెళుతుంది? హైస్కూళ్లలో వేధింపులు, బాంబు బెదిరింపులు పెరిగాక, 2014లోనే స్కూళ్ల చుట్టూ జియోఫెన్స్ (లొకేషన్ ఆధారంగా గీసే కనిపించని కంచె) వేసి అక్కడ యాప్ పనిచేయకుండా చేశారు. కాలేజీలను మాత్రం వదిలేశారు. 2015 నవంబరులో మిస్సోరీ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులను కాల్చేస్తానంటూ పోస్టు పెట్టిన యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు.

2016లో మారుపేరు తప్పనిసరి చేసేసరికి జనం జారుకున్నారు. కొన్ని నెలలకే ఆ నిబంధన సడలించినా వాళ్లు తిరిగి రాలేదు. 2017లో మూతపడింది.

కొత్త యజమానులు 2021లో మళ్లీ తెరిచారు. మరుసటి ఏడాది ఒక కంప్యూటర్ సైన్స్ విద్యార్థి, సర్వర్ నుంచి ఫోన్‌కు వచ్చే డేటాను విప్పి చూశాడు. తెరమీద కనబడేది ఉజ్జాయింపు దూరమే. లోపల మాత్రం ప్రతి పోస్టుకూ జీపీఎస్ అంకెలు 10, 15 అడుగుల తేడాతో ఉన్నాయి. అంటే రాసినవాళ్ల ఇల్లే దొరికిపోతుంది! చెప్పాక కంపెనీ సవరణలు చేసింది గానీ, అలాంటి డేటాను అసలు ఫోన్ల దాకా పంపడమే క్షమించరాని నిర్లక్ష్యం.

పోనీ, దూరం ఒక్కటే పంపితే? అదీ చాలదు. డేటింగ్ యాప్ టిండర్ విషయంలో 2014లోనే ఇది బయటపడింది. దొంగ లొకేషన్లతో మూడు చోట్ల నుంచి దూరం అడిగి, ఒక్కో చోటు చుట్టూ వృత్తం గీస్తే, మూడూ కలిసే బిందువు దగ్గరే మనిషి. అందుకే ఇప్పుడు కట్టేవాళ్లు లొకేషన్‌ను ఫోన్‌లోనే, మ్యాప్‌ మీద కిలోమీటరో రెండు కిలోమీటర్లో వెడల్పు ఉండే గడికి కుదించి, సర్వర్‌కు ఆ గడి నంబరు మాత్రమే పంపాలి. ఆ గడిలో ఉన్నది నలుగురే అయితే గడిని ఇంకా పెద్దది చేయాలి.