బడి బయటి చదువు దండగ ఖర్చా? అపోహలు - వాస్తవాలు

చంద్రగిరి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పొదుపు మాట వచ్చినప్పుడల్లా ముందు కత్తెర పడేది ఎకో క్లబ్బు (పిల్లలతో పర్యావరణ పనులు చేయించే బృందం) మీద, క్షేత్ర పర్యటనల మీద. అందుకు చెప్పే కారణాలు విని విని నాకు కంఠతా వచ్చేశాయి.

అపోహ: ఇవి ఆపేస్తే బడికి బోలెడు డబ్బు మిగులుతుంది.

వాస్తవం: లెక్క వేద్దాం. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం యూత్, ఎకో క్లబ్బులకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకైతే 5,000, ప్రాథమికోన్నతకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఇవ్వొచ్చు. 250 మంది చదివే హైస్కూల్లో తలకు వంద రూపాయలు, అదీ ఏడాది మొత్తానికి. ప్రభుత్వ బడి ఖర్చులో సింహభాగం మా జీతాలే. దాని పక్కన ఈ వంద కంటికి కూడా ఆనదు.

దండగ లేదని కాదు, ఉంది. ఒక ఏడాది ఈ డబ్బు మార్చి చివర్లో చేతికొచ్చింది. వారంలో ఖర్చుపెట్టి రసీదులు ఇమ్మన్నారు. పరీక్షల రోజులు. గబగబా మొక్కలు నాటాం, పెద్ద ఫ్లెక్సీ కొట్టించాం. సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక మొక్కలు ఎండిపోయాయి. ఫ్లెక్సీ మాత్రం మధ్యాహ్న భోజనం కట్టెల మీద వానకు కప్పడానికి ఇప్పటికీ పనికొస్తోంది. అదే డబ్బు జులైలో వస్తే కథ వేరుగా ఉండేది.

అపోహ: పల్లెటూరి పిల్లలకు చెట్టూచేమా వేరే చూపించాలా?

వాస్తవం: నేనూ మొదట్లో ఇలాగే అనుకున్నా. రైజోబియం (చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో ఉండే బాక్టీరియా) పాఠం బోర్డు మీద బొమ్మేసి నాలుగేళ్లు చెప్పాను. పిల్లలు కంఠస్థం చేసి రాసేవాళ్లు, మార్కులూ పడేవి. ఒక సెప్టెంబరులో బడి వెనక చేనుగల రైతును అడిగి రెండు చెనిక్కాయ (వేరుశనగ) చెట్లు పీకించాను. వేళ్లకు అతుక్కున్న బుడిపెలు చూసి ఒక పిల్ల, "ఇవి మా చేన్లో గూడా ఉండాయి సార్, పురుగు గుడ్లేమో అనుకుంటి" అంది. ఊహ తెలిసినప్పటి నుంచి వాళ్లమ్మతో చెనిక్కాయ పీకిన పిల్ల! పాఠంలో బొమ్మ వేరు, చేలో బుడిపె వేరు అనుకుంది.

బుడిపెను బ్లేడుతో కోయిస్తే లోపల గులాబీ రంగు. మన నెత్తుట్లో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం వల్ల వచ్చే రంగు అది. అలా ఉంటే గాలిలోని నత్రజనిని బాక్టీరియా చెట్టుకు అందిస్తోందని అర్థం. ఆకుపచ్చగా మారితే పని ముగిసినట్టు. చెనిక్కాయకు యూరియా అంతగా ఎందుకు అక్కర్లేదో ఆరోజు ఇంటికెళ్లి తల్లిదండ్రులకు పిల్లలే చెప్పారు. ఖర్చు ఒక బ్లేడు.

టౌను పిల్లలదీ ఇదే కత. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కోసిన కొండ గోడలో కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర కొన్ని పదుల కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది, అంటే ఆ కాలపు రాతిపొరలే అక్కడ లేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఏటా కొండకు పోయే మన పిల్లల్లో ఆ గీత చూసినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

అపోహ: బయట తిరిగితే సిలబస్ ఆగిపోతుంది, పదో తరగతి ఫలితాలు పడిపోతాయి.

వాస్తవం: సిలబస్సునే బయటికి తీసుకుపోవచ్చు. మిట్టమధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడని పిల్లలే కాదు, మాలో చాలామందిమీ నమ్ముతాం. తిరుపతిలో అలా ఉండేది ఏడాదికి రెండుసార్లే: ఏప్రిల్ 26, ఆగస్టు 16 దరిదాపుల్లో. ఆగస్టులో అయితే సుమారు 12 గంటల 17 నిమిషాలకు. మొదటిసారికి బడికి సెలవులు. రెండోది జెండా పండగ మర్నాడు, పాతిన కొయ్య ఇంకా అక్కడే ఉంటుంది. ఆ నిమిషంలో దాని నీడ మాయం. ఈ రెండు తేదీల నడుమ మన ఊళ్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుందంటే నమ్మక, పిల్లలు సుద్దముక్కతో గీతలు గీసి చూసుకున్నారు. త్రికోణమితిలో చెట్టు ఎత్తు లెక్కకూ ఆ నీడలే చాలు.

పైగా ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పరిశీలన, అన్వేషణల ద్వారా చదువు చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు సంచీ లేని 10 రోజులు ఉండాలంది.

అపోహ: పాములు, చిరుతలు... ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?

వాస్తవం: ఈ భయాన్ని తీసిపారేయను. 2023 ఆగస్టులో తిరుమల కొండెక్కే అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి చనిపోయింది. అప్పుడు దారిని మూసేయలేదు. 15 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 తర్వాత వదలకుండా ఆపారు. మేమూ వేళ చూసి, చోటు ఎంచుకుని వెళ్తాం. ముందురోజు నేనొక్కణ్ణే వెళ్లి చూసొస్తాను. అడవిలోకి పోము, చెరువుకట్ట దాటి నీళ్లలోకి దిగనివ్వం. తల్లిదండ్రుల సంతకాలు, ఇద్దరు టీచర్లు, ప్రథమ చికిత్స పెట్టె లేకుండా గేటు దాటం.

అపోహ: ఇదంతా పేరుకు చదువు, అసలుకు ఎక్స్‌కర్షన్.

వాస్తవం: ఇందులో సగం నిజం. రాత్రంతా బస్సు, పగలు షాపింగు, గేటు ముందు గ్రూపు ఫొటో... ఆ రకం తీసేస్తానంటే మొదటి సంతకం నాదే. అలాంటి టూరు ఒకటి మానితే ఆ బస్సు అద్దెతో ప్రతి తరగతినీ అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికో, చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియానికో తీసుకెళ్లొచ్చు. మా బడి నుంచి కోటకైతే బస్సు కూడా అక్కర్లేదు. సద్దిమూట కట్టుకుని పొద్దున్నే నడిస్తే మధ్యాహ్నం గంటకొట్టే వేళకు వచ్చేస్తాం.